ఇంకోటి చదువు, నాన్నా

ఇస్త్రీ దుకాణం, మధ్యాహ్నం. కూతురు బల్ల దగ్గర నిలబడి ఇస్త్రీ చేస్తోంది. కుడిచేతికి కట్టుతో తండ్రి ఆమె వెనక స్టూలు మీద కూర్చున్నాడు. గుమ్మంలో చెప్పులు విడుస్తున్నది తండ్రికి అక్క. బట్టల మిల్లులో పని, యూనియన్‌లో అందరికన్నా పెద్ద నోరు.

"నూట ఎనభైకి ఎనభై ఎనిమిదా! ఏమే పిచ్చుకా, మిగతావన్నీ ఎవరి చొక్కా జేబులో పెట్టి మడతేశావే?"

"అత్తా, ఇంకా లోపలికే రాలేదు, అప్పుడే మొదలెట్టావా?"

"నేను మొదలెట్టడమేంటి? మీ కోచింగ్ వాళ్ళు గోడకి అంటించారు. పేరు, మార్కులు, పక్కన కిందికి ఎర్ర బాణం. దొంగల ఫోటోలు అంటించినట్టు. దారిన పోయేవాళ్ళంతా ఆగి మరీ చదువుతున్నారు."

"అది వాళ్ళ పద్ధతి అక్కా. పిల్లలకి పౌరుషం రావాలని."

"పౌరుషం రావాలంటే వాళ్ళు చెప్పిన పాఠం ఎంతమందికి ఎక్కలేదో అది అంటించమను. చెప్పినవాళ్ళ పేర్లతో సహా. అప్పుడు ఎవరికి రావాలో వాళ్ళకొస్తుంది."

"ఇది మిల్లు గేటు కాదక్కా. కాస్త మెల్లగా. బట్టలకి జనం వస్తుంటారు."

"రానీ. వాళ్ళ మార్కులు ఎవరూ అంటించలేదుగా. ఏమే, నిన్నే. మాట్లాడవేం?"

"కాలరు చేస్తున్నానత్తా. కాలరప్పుడు మాట్లాడితే ముడత పడిపోతుంది."

"అబ్బో. ఇంతకుముందు ఎంతొచ్చాయి?"

"ఎంతకు ముందు?"

"మీ నాన్న చెయ్యి కాలకముందు. నాకు గుర్తుంది, మిల్లంతా చెప్పుకు తిరిగాను. నూట ముప్ఫై దాటాయి."

"నూట ముప్ఫై నాలుగు."

"తర్వాత?"

"తర్వాత... కొంచెం తగ్గాయి."

"ఆ తర్వాత?"

"ఇంకొంచెం."

"ఇప్పుడు ఎనభై ఎనిమిది. మెట్లు దిగినంత తీరిగ్గా దిగొచ్చావు."

"అక్కా, దాన్నలా నిలదియ్యకు. ఆదివారం ఇంకో పరీక్ష ఉంది. అందులో నూట ఇరవై రాకపోతే ఉచిత బ్యాచిలోంచి తీసేస్తామన్నారు. అసలే అది వణికిపోతోంది."

"వణకట్లేదు నాన్నా."

"తీసేస్తే ఏమవుతుందిరా?"

"ఏమవుతుందేంటక్కా! అసలు పరీక్షకి నెల కూడా లేదు. ఇప్పుడు బ్యాచి పోతే పశువుల డాక్టరు కాలేజీ మాటే మర్చిపోవాలి. వచ్చే ఏడు చూద్దాంలే అనుకోవచ్చు. వచ్చే ఏడు ఎవడు చూశాడు."

"నేను మర్చిపోను."

"నువ్వూరుకోమ్మా. చెయ్యి చూసుకో, పెట్టె బాగా వేడెక్కింది."

"ఇద్దరూ కలిసి బాధపడడమేనా, ఎందుకు తగ్గాయో కనుక్కున్నదేమైనా ఉందా?"

"కనుక్కోకేం? ఆ హాలు అలాంటిది. పైన రేకులు. లోపల ఉక్క. పక్కన కూర్చున్నవాడు కాలు ఆడిస్తూ ఉంటాడట."

"వాడు కాలు ఆడిస్తే దీని మార్కులు రాలిపడతాయా? ఇదేమన్నా చింతచెట్టా?"

"ఫోను అనుకున్నాను. తీసి దాచేశాను. తగ్గాయి. పక్క వీధి స్నేహితురాలితో కబుర్లు మానమన్నాను. తగ్గాయి. కళ్ళేమోనని కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. అమ్మాయివి డేగ కళ్ళన్నాడు."

"నేను పిచ్చుక అంటుంటే ఆయన డేగ అన్నాడా!"

"నీకు నవ్వులాటగా ఉంది. నాకు కంటి మీద కునుకు లేదు."

"పోనీలే నాన్నా."

"పోనీలే ఏంటి? పోనీలే ఏంటమ్మా? ఇంట్లో చెప్పేటప్పుడు నూట డెబ్భై వస్తున్నాయే! అబద్ధమా? అక్కా, నువ్వు నమ్మవుగానీ నేను చదువుతుంటే ఇది ఇస్త్రీ చేస్తూ చెప్పేస్తుంది. తడుముకోదు. గుడ్డ మీద నీళ్ళు చిలకరించినంత సులువుగా చెప్తుంది. నూట డెబ్భై! ఇక్కడ నూట డెబ్భై, ఆ రేకుల కింద ఎనభై. నాకేమో ఆ దిద్దేవాళ్ళ మీదే అనుమానం."

"నువ్వు చదవడమేంట్రా?"

"మరి? ఈ చేత్తో నేను పెట్టె పట్టుకోలేను. పెట్టె పట్టుకుంటే అది పుస్తకం పట్టుకోలేదు. అందుకని నేను చదువుతాను, అది చెప్తుంది. పెద్ద పిల్లలు రాసేసిన పాత పేపర్లు ఇంత కట్ట దొరికింది. జవాబులకి టిక్కులు పెట్టి ఉన్నాయి. అది చూస్తే కనిపించేస్తాయి కదా. అందుకే దాని వీపు వెనక కూర్చుంటాను. కాగితం అంచు కూడా కనపడనివ్వను."

"అబ్బ, ఎంత నిజాయితీ."

"చదువు విషయం అక్కా. ఉండాలి."

"బట్టలకొచ్చేవాళ్ళు నాన్నని మేష్టారూ అంటున్నారత్తా."

"అవునా! మేష్టారా! చిన్నప్పుడు బడి గోడ దూకి మోకాలు చెక్కుకున్న మేష్టారు."

"దూకలేదక్కా. మాన్పించారు. అది వేరు."

"సరేలే. ఆ చెయ్యెలా ఉంది?"

"ఉంది."

"ఉందంటే? ఏదీ చూపించు."

"వద్దొద్దు, ముట్టుకోకు. గాలి తగిలితే మంట."

"డాక్టరేమన్నాడు?"

"మానుతుందన్నాడు. మెల్లగా."

"కట్టు ఎవరు కడుతున్నారు?"

"నేనే. ఒక కొస పంటితో పట్టుకుంటే చుట్టుకుపోతుంది. ఆ పుండు పిల్లకెందుకు చూపించడం."

"కట్టు చూడు, కొత్త కాగితంలా తళతళలాడుతోంది. దీనికి కూడా ఇస్త్రీయేనా?"

"ఇస్త్రీ చేస్తేనే సరిగ్గా చుట్టుకుంటుందత్తా. ముడతలుంటే ఒత్తుకుంటుంది."

"మీ ఇంట్లో కాలిన చెయ్యీ కాలరూ ఒకటే. సరే, నేనూరికే రాలేదు. ఇదిగో. మా సెక్షన్లో ఒకావిడ కూతురికి పోయినేడు ఇదే కాలేజీలో సీటొచ్చింది. ఆ పిల్ల పేపరు. టిక్కులతో సహా ఉంది."

"సీటొచ్చినమ్మాయిదా! ఇటియ్యి, ఇటియ్యి."

"మెల్లగారా, చింపేస్తావు. కట్టు చేత్తోనే భలే గుంజుకుంటున్నావే!"

"ఆత్రం అక్కా. అమ్మా, నువ్వు ఆపకు. ఆ దుప్పటి చేస్తూనే చెప్పు. మీ అత్త కూడా వినాలి. నేను అబద్ధాలు చెప్తున్నాననుకుంటోంది. సిద్ధమా?"

"ఊఁ. చదువు నాన్నా."

"మొదటిది. పైత్యరసం ఎక్కడ తయారవుతుంది? క్లోమం, కాలేయం, చిన్నపేగు, ఆఁ... పిత్తాశయం."

"పిత్తాశయం."

"శభాష్. చూశావా అక్కా? ఇంకా నా నోరు మూతబడలేదు, చెప్పేసింది."

"చూశాను. ఇంకోటి కానివ్వు."

"ఆవు కడుపులో ఉండే గదుల్లో అసలు జీర్ణాశయం ఏది? రూమెన్, రెటి... రెటిక్యులమ్, ఆఁ... ఒమేసమ్, అబోమేసమ్. ఏం పేర్లో ఇవి, నోరు తిరగదు."

"ఒమేసమ్."

"శభాష్!"

"ఇంకోటి చదువు, నాన్నా."

"పెద్దయిన జంతువులో ఎర్ర రక్తకణాలు పుట్టేదెక్కడ? గుండె, ఆఁ... ప్లీహం, ఎముక మజ్జ, మూత్రపిండం."

"ప్లీహం."

"అదీ! రక్తం గడ్డకట్టడానికి కావలసిన విటమిన్? ఏ, సి, డి, ఆఁ... కె."

"కె."

"నాలుగింటికి నాలుగు! ఇప్పుడు చెప్పక్కా. ఈ పిల్లకా ఎనభై ఎనిమిది? సీటొచ్చినమ్మాయి పేపరు ఇది. దాని టిక్కూ దీని నోరూ ఒక్క మాట. నేను సోమవారం వెళ్ళి ఆ దిద్దినవాళ్ళని అడుగుతాను. నువ్వు కూడా రా. నువ్వైతే గట్టిగా అడుగుతావు."

"వస్తాను. ముందు ఒక్క ముక్క. పిచ్చుకా, పెట్టె పక్కన పెట్టు."

"దుప్పటి సగంలో ఉందత్తా."

"పెట్టవే. ఇటు తిరుగు. పైత్యరసం ఎక్కడ తయారవుతుంది?"

"చెప్పాను కదా, పిత్తా..."

"మీ నాన్న చదవట్లేదు ఇప్పుడు. నేనడుగుతున్నా. నువ్వు చదివిన పుస్తకంలో ఏముంది? తొందరేం లేదు."

"కాలేయం."

"ఏంటీ?"

"కాలేయంలో తయారవుతుంది. పిత్తాశయంలో నిలవ ఉంటుంది, అంతే. అవునత్తా, కాలేయమే. బొమ్మ వేసి మరీ చదివాను."

"మరి పిత్తాశయం అన్నావే?"

"నేనా? అన్నానా?"

"అన్నావు. మీ నాన్న శభాష్ అన్నాడు. రక్తకణాలు?"

"ఎముక మజ్జలో... అత్తా, నేనిందాక ప్లీహం అన్నాను కదూ? ఆవుది కూడా ఒమేసమ్ కాదు, అబోమేసమ్; విటమిన్ ఒక్కటే సరి. మిగతావి అలా ఎందుకన్నాను?"

"అక్కా, దాన్ని తికమక పెట్టకు. టిక్కు అక్కడే ఉంది చూడు. ప్లీహం పక్కనే ఉంది. సీటొచ్చినమ్మాయి పెట్టింది."

"సీటొచ్చినమ్మాయి పేపరు శుభ్రంగానే ఇచ్చిందిరా. టిక్కులు నేను పెట్టాను. బస్సులో కూర్చుని, కిటికీలోంచి బయటికి చూస్తూ, పెన్ను ఎక్కడ పడితే అక్కడ. విటమిన్ ఒక్కటి ఎలాగో కుదిరినట్టుంది."

"నువ్వా పెట్టావు?"

"నాకు పైత్యం ఉందని తెలుసు. ఎక్కడ తయారవుతుందో నాకేం తెలుసు."

"ఎందుకక్కా ఇలాంటి పని? పిల్లతో ఆడుకుంటావా?"

"మొన్న వచ్చి వెళ్ళిపోయాను, చూశారా? చూడలేదు. మీరు చదువులో మునిగి ఉన్నారు. బయట నిలబడి విన్నాను. నాకు ఒక్క ముక్క తెలియదు, ఆ ప్రశ్నలేంటో కూడా తెలియదు. కానీ రెండో ప్రశ్న నుంచి నేనే జవాబులు చెప్పేశాను. మనసులో. అన్నీ కుదిరాయి."

"అంటే ఏంటి నీ ఉద్దేశం? నేను చెప్పేశాననా? నా బిడ్డకి నేను దొంగ జవాబులు అందించానా? అక్కా, ఆ మాటనకు. నేనొక్క జవాబు... ఒక్కటంటే ఒక్కటి..."

"నువ్వు చెప్పలేదురా. నీ గొంతు చెప్పింది. తప్పు జవాబుల దగ్గర పరిగెత్తిపోతావు. టిక్కున్న చోట చతికిలబడతావు. ఆఁ అని ఒక గుటక మింగి మరీ చెప్తావు. అది నీకు వినపడదు. చెవులున్నదానికి వినపడుతుంది."

"లేదు. నేనన్నీ ఒకేలా చదువుతాను."

"మా మేనేజరూ అదే అంటాడు. మిల్లులో మీటింగు పెట్టి కాగితం చదివాడు ఒకసారి. 'పాత షిఫ్టే ఉంచాలా, లేక, ఆఁ, కొత్త షిఫ్టు పెట్టుకుందామా?' ఒక్క అబద్ధం చెప్పలేదు. ఎవరినీ బెదిరించలేదు. చేతులన్నీ కొత్త షిఫ్టుకే లేచాయి. నా చెయ్యి కూడా లేచిందిరా, ఈ చెయ్యే! ఇంటికెళ్ళాక నన్ను నేను తిట్టుకున్నాను. అప్పట్నుంచి ఎవడు కాగితం చదవబోయినా ఇటియ్యి, నేనే చదువుకుంటానంటాను. నాది పెద్ద నోరని పేరొచ్చింది అందుకే. కాగితం ఎవడి చేతిలో ఉందో జవాబు వాడిదే."

"నన్ను మీ మేనేజరుతో పోలుస్తావా?"

"వాడు తెలిసి చేశాడు. నువ్వు ప్రేమతో చేశావు. చేతులు లేవడం మాత్రం ఒకేలా లేచాయి."

"అమ్మా, నువ్వు చెప్పు. మీ అత్త చెప్పినట్టేనా? నా గొంతు వినేనా నువ్వు..."

"తెలీదు నాన్నా."

"తెలీదంటే?"

"తెలీదు. నాకు తెలిసే చెప్తున్నాననుకున్నాను. నువ్వు చదువుతుంటే నాలుగు జవాబుల్లో ఒకటి... ఎలా చెప్పను... ఒకటి పిలుస్తుంది. దాన్నే చెప్తాను."

"సరే, సరే. ఇప్పుడు నేను ఏ టిక్కూ లేని పేపరు చదువుతాను. ఒకేలా. మొన్నటి మీ సెంటరు పేపరు ఏది? ఇదిగో. ఇందులో ఏమీ లేవు. చూడక్కా, నువ్వే చూడు. లేవు కదా? అమ్మా, విను. వేడి రక్తపు జంతువు ఏది? కప్ప, పాము, గబ్బిలం, చేప."

"ఇంకోసారి చదువు నాన్నా."

"చెప్పమ్మా. ఇది సులువేగా."

"గబ్బిలం."

"చూశావా అక్కా!"

"అది నాకూ తెలుసురా. నాకు తెలిసిందంటే అది ప్రశ్న కాదు. ఇంకోటి చదువు."

"ఇన్సులిన్ తయారయ్యేదెక్కడ? క్లోమం, కాలేయం, థైరాయిడ్, అడ్రినల్... ఏమ్మా? మళ్ళీ చదవనా? క్లోమం, కాలేయం..."

"వద్దు. ఆగు నాన్నా."

"థైరాయిడ్..."

"ఆగమన్నానా! ఏదీ పిలవట్లేదు. నువ్వు నాలుగోసారి చదివినా పిలవదు. హాల్లో కూడా ఇంతే. కాగితం ముందు పెట్టుకుని చెవులు రిక్కించి కూర్చుంటాను. నాలుగు జవాబులూ ఒకే మొహంతో చూస్తుంటాయి. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినపడదు. టైము అయిపోతుంటుంది. ఏదో ఒకటి గీకేసి వచ్చేస్తాను."

"మరి నాకెందుకు చెప్పలేదమ్మా?"

"ఏమని చెప్పను? ఇంటికి రాగానే నువ్వు చదువుతావు, నూట డెబ్భై వస్తాయి. హమ్మయ్య, నాకన్నీ వచ్చు, ఆ హాలే మంచిది కాదు అనుకునేదాన్ని. అత్తా, అంటే... అంటే నాకేమీ రాదన్నమాట. ఆ నూట డెబ్భై నాన్నవి."

"ఏడిస్తే తంతాను. ఇటు చూడు. కాలేయం అని ఇప్పుడెవరు చెప్పారు? నేనా? నాకు తెలియదు. మీ నాన్నా? ఆయన పిత్తాశయమని ప్రమాణం చెయ్యబోయాడు. ఎముక మజ్జ ఎవరు చెప్పారు?"

"నేనే."

"నూట ముప్ఫై నాలుగు ఎవరు తెచ్చుకున్నారు? ఆ మూల నేల మీద కూర్చుని, పెన్ను నములుతూ, మేం పిలిచినా పలక్కుండా?"

"నేనే."

"అది ఎక్కడికీ పోలేదు. నీ లోపలే ఉంది. దాని మాట వినడం మానేసి ఇంకొకరి గొంతు వినడం మరిగావు. మా మిల్లు గేటు దగ్గర కుక్క మూలుగుతుంటే, వయసైపోయిందిలే అని అందరం వదిలేశాం గుర్తుందా? నువ్వొచ్చి చెవి వెనక తడిమి పుండు చూపించావు. నోరులేనిదాని నొప్పి కనిపెట్టేదానివి, మీ నాన్న గొంతులో టిక్కు కనిపెట్టడం నీకో లెక్కా? అంత బాగా వినడమే నిన్ను ముంచింది."

"ఇప్పుడేం చెయ్యనత్తా?"

"ఏముంది? కూర్చో. చెప్పించుకోవడం మానేసి, పెన్ను పట్టుకుని, నోరు మూసుకుని నీ కాగితం నువ్వే చదువుకో. తప్పు పోతే పోనీ. నీ తప్పు నీకు కనపడాలి. ఆదివారందాకా అదే పని. ఆ తర్వాతా అదే పని."

"కూర్చుంటే ఇవెవరు చేస్తారు?"

"ఏవి?"

"ఇవి. ఆసుపత్రి దుప్పట్లు. ఆ మూట, ఈ మూట, లోపల ఇంకోటి ఉంది. పొద్దున్నకల్లా అందకపోతే వేరేవాళ్ళకి ఇచ్చేస్తామని కబురు పెట్టారు."

"నేను చేస్తాను."

"నువ్వు షిఫ్టుకి వెళ్ళాలి కదత్తా. పోయినసారి నువ్వు చేసిన తెల్ల చొక్కాకి గోధుమరంగు వచ్చింది."

"అది వాళ్ళ చొక్కా చెత్తది. మీ అమ్మని రమ్మను."

"అమ్మమ్మ మంచం మీంచి లేవట్లేదు. వదిలి ఎలా వస్తుంది?"

"అయితే మూసెయ్యండి. పరీక్షయ్యేదాకా దుకాణం మూసెయ్యండి."

"మూసేస్తే మళ్ళీ తెరిచేసరికి బట్టలుండవత్తా. నాకు తెలుసు. పోనీ రాత్రి పనంతా అయ్యాక కూర్చుంటాను."

"ఎప్పుడు? నిలబడి నిలబడి కాళ్ళు ఎలా వాచాయో చూసుకున్నావా? రాత్రికి పుస్తకం మొహం మీద పడేసుకుని నిద్రపోతావు. ఏరా, నువ్వేంటి నోరు విప్పవు? ఇందాక శభాష్ శభాష్ అని ఊగిపోయావుగా."

"అక్కా."

"ఏంటి?"

"ఈ కట్టు విప్పు."

"ఇప్పుడెందుకు? గాలి తగిలితే మంటన్నావుగా?"

"విప్పక్కా."

"నాన్నా, వద్దులే."

"నువ్వుండమ్మా. విప్పక్కా, ఆ కొస లాగు."

"ఉండు, గట్టిగా చుట్టావు. ఇంకెంత ఉందిరా ఇది, చీరంత ఉంది... ఒరేయ్."

"ఊఁ."

"ఒరేయ్, ఇక్కడేం లేదే! చర్మం వచ్చేసింది. మరక మాత్రం ఉంది. ఏదీ, వేళ్ళు ముడువు. తెరువు. మళ్ళీ ముడువు. నొప్పిగా ఉందా?"

"లేదు."

"ఎప్పట్నుంచి లేదు?"

"చాలా రోజులైంది."

"చాలా రోజులైందా! సిగ్గుండాలిరా నీకు! బంగారంలాంటి చెయ్యి పెట్టుకుని, గుడ్డ చుట్టుకుని, స్టూలెక్కి కూర్చుని, చదువుకునే పిల్లని పొద్దస్తమానం ఈ మంట దగ్గర నిలబెడతావా? మా మేనేజరే నయం. వాడు కూతురిని నిలబెట్టలేదు. ఒళ్ళు దాచుకోవడానికి నీకు ఇదే దొరికిందా?"

"ఒళ్ళు దాచుకోలేదక్కా."

"మరింకేంటి?"

"ఇన్నేళ్ళూ ఈ బల్ల దగ్గర నిలబడ్డాను. వచ్చినవాళ్ళు బట్ట చూస్తారు, మడత చూస్తారు. నా మొహం ఎవడూ చూడడు. కాగితం పట్టుకుని కూర్చున్నాక ఒకాయన మేష్టారూ అన్నాడు. అదొక్కటే అయితే వదిలేద్దును. ఇది... ఇది ఇంకోటి చదువు నాన్నా, అంటుందక్కా. ఇంకో చొక్కా చెయ్యి, ఇంకో దుప్పటి చెయ్యి అన్నవాళ్ళే గానీ, ఇంకోటి చదువు అని నన్నెవరన్నారు? రేపు విప్పేద్దాం, రేపు విప్పేద్దాం అనుకుంటూనే ఉన్నాను. పొద్దున్నే మళ్ళీ చుట్టుకునేవాణ్ణి. నూట డెబ్భై వస్తున్నాయి కదా, దానికీ మంచిదే కదా అని సర్దిచెప్పుకున్నాను."

"మంచిదే! బాగానే సర్దిచెప్పుకున్నావు. నీ సరదా దాన్ని ఎనభై ఎనిమిదికి దింపింది."

"అవును."

"అవునంటే సరిపోతుందా? ఏమే పిచ్చుకా, విన్నావా మీ నాన్న మాట? అలా నిలబడి చూస్తావేం? తిట్టవే. నాకు నోరు నొప్పెడుతోంది, మిగతాది నువ్వు తిట్టు."

"తెలుసత్తా."

"ఏం తెలుసు?"

"చెయ్యి మానిపోయిందని."

"ఎవరు చెప్పారమ్మా నీకు?"

"ఎవరు చెప్పాలి నాన్నా? ఆ కట్టు గుడ్డలు ఉతికేది నేనే కదా. వాటికి మందు మరక అంటక ఎన్నాళ్ళయిందో."

"తెలిసి కూడా నిలబడ్డావా? ఎందుకే?"

"చెప్తే చదవడం మానేస్తాడని. ఇదిగో నాన్నా, పెట్టె పట్టుకో. ఇక మానెయ్."